397312 చెప్పేది, చెప్పనిది

బయటి యాంటీవైరస్ ఏదీ వేసుకోని విండోస్ కంప్యూటర్‌లో సెక్యూరిటీ సెంటర్ అనే భాగం తన చిట్టాలో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ పేరు రాసుకుని, దాని ఎదురుగా ఒక సంఖ్య వేసుకుంటుంది. ఎక్కువసార్లు అది 397312 గానీ 397568 గానీ అయి ఉంటుంది. మామూలుగా అది మన కంటబడదు. సిస్టమ్ స్లో అయిందనో, అడగని పేజీలు వాటంతటవే తెరుచుకుంటున్నాయనో బాగుచేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్తాం. వాళ్లు ఒక తనిఖీ సాఫ్ట్‌వేర్ నడిపి రిపోర్టు తీస్తారు. "యాంటీవైరస్ ఉంది, నడుస్తోంది, తాజాగా ఉంది" అని ఆ రిపోర్టులో కనిపించే వరుస పుట్టేది ఈ సంఖ్య నుంచే.

దాన్ని విప్పి చూడొచ్చు. మనం పదితో లెక్కపెట్టినట్టు కంప్యూటర్ పనివాళ్లు పదహారుతో లెక్కపెడతారు. ఆ లెక్కలో 397312 కాస్తా 061000 అవుతుంది. రెండేసి అంకెలుగా విడగొడితే 06, 10, 00. మొదటి జత సాధనం ఏ కోవదో చెబుతుంది. నడిమి జతలో 10 లేదా 11 ఉంటే కాపలా నడుస్తున్నట్టు, 00 లేదా 01 ఉంటే ఆగినట్టు. చివరి జత వైరస్‌ల జాబితా గురించి: 00 అయితే తాజాది, 10 అయితే పాతబడింది. బయటి యాంటీవైరస్‌ల దగ్గర తరచు కనిపించే 266240ని ఇలాగే రాస్తే 041000. అంతా సవ్యంగా ఉన్నట్టు. 266256 అయితే 041010. రెండింటికీ తేడా 16 మాత్రమే. యాంటీవైరస్ మెలకువగానే ఉంది గానీ దాని చేతిలో ఉన్నది పాత జాబితా అని ఆ 16 చెబుతుంది. 262144 అంటే 040000: ప్రోగ్రాం ఉంది, కాపలా లేదు. మైక్రోసాఫ్ట్ ఈ అమరికను బహిరంగంగా విడమరచలేదు. ఎన్నో మెషీన్ల రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూసి సాంకేతిక నిపుణులు తేల్చుకున్న సంగతి ఇది. ప్రచురించిన దారి మరొకటి ఉంది. అది నాలుగు స్థితులు చెబుతుంది: 0 అంటే నడుస్తోంది, 1 అంటే ఆగింది, 2 అంటే కాసేపు నిద్రపుచ్చారు, 3 అంటే గడువు తీరింది.

ఇంత లెక్క ఎందుకంటే, ఆ రిపోర్టు చూసే మనిషి దాన్ని నమ్మి నిర్ణయాలు తీసుకుంటాడు. ఏది తీసేయాలి, ఏది ఉంచాలి, ఫార్మాట్ కొట్టాలా వద్దా అన్నవన్నీ దానిమీదే ఆధారపడతాయి. యాంటీవైరస్ వరుస ఖాళీగా కనిపిస్తే "దీనికి రక్షణే లేదు" అనుకుని ఇంకొకటి వేసేస్తాడు. నిజానికి అక్కడ ఏదో ఒక కొత్త సెక్యూరిటీ సాధనం ఉండి, తనిఖీ సాఫ్ట్‌వేర్‌కు దాని పేరు తెలియకపోయి ఉంటే? ఒకే ఫైలును ఇద్దరు కాపలావాళ్లు చెరో చెయ్యీ పట్టుకు లాగుతారు. మెషీన్ ఇంకా నెమ్మదిస్తుంది, ఒక్కోసారి బిగుసుకుపోతుంది. అందుకే "మీ సాఫ్ట్‌వేర్ ఫలానా కొత్త సాధనాన్ని గుర్తించడం లేదు, చేర్చండి" అని తయారీదారుకు రాసే వినియోగదారు చాలా విలువైన పని చేస్తున్నట్టు. అది ఎలా రాయాలన్న సంగతికి తర్వాత వస్తాను. ముందు, ఆ గడి ఎందుకు ఖాళీగా ఉండిపోతుందో చూద్దాం.

చిట్టాలో పేరెక్కాలంటే

సెక్యూరిటీ సెంటర్ 2004 ఆగస్టులో విండోస్ ఎక్స్‌పీ రెండో సర్వీస్ ప్యాక్‌తో వచ్చింది. అంతకుముందు తనిఖీ సాధనాలకు ఇలా ఒకచోట అడిగి తెలుసుకునే వీలు లేదు. నెదర్లాండ్స్‌కు చెందిన మెరైన్ బెల్లెకోమ్ విద్యార్థిగా ఉన్నప్పుడు రాసిన హైజాక్‌దిస్ అనే చిన్న ప్రోగ్రాం ఆ కాలంలో ప్రపంచమంతా తిరిగింది. 2007లో దాన్ని ట్రెండ్ మైక్రో కొనుక్కుంది, 2012లో అందరికీ తెరిచిపెట్టింది. దాని రిపోర్టులో ప్రతి వరుసకూ ఒక గుర్తు ఉండేది. కంప్యూటర్‌తో పాటు మొదలయ్యే ప్రోగ్రాములు ఓ4, విండోస్ సర్వీసులు ఓ23. యాంటీవైరస్ అని విడిగా గడి లేదు. చదివేవాళ్లు ఓ23 వరుసల్లో కంపెనీ పేర్లు వెతికి, ఏ యాంటీవైరస్ ఉందో పోల్చుకునేవారు. కొత్త పేరు వస్తే అది మంచిదో చెడ్డదో అడిగి తెలుసుకోవాల్సిందే. జ్ఞానమంతా చదివే మనిషి తలలో ఉండేది. తర్వాతి తరం సాధనాలు, ఉదాహరణకు ఫర్బార్ రికవరీ స్కాన్ టూల్, సెక్యూరిటీ సెంటర్‌ను అడిగి ఆ జవాబును విడి భాగంగా ముద్రించడం మొదలుపెట్టాయి. పని తేలికైంది. అదే సమయంలో, ఆ భాగంలో లేనిది అసలు లేనట్టే అన్న నమ్మకం కూడా పెరిగింది.

ఆ నమ్మకం తప్పు. సెక్యూరిటీ సెంటర్‌ను దాని సొంత సర్వీసు స్థితి కాక, పేర్కొని అడగగలిగిన విషయాలు ఆరు, వాటికి ఇచ్చిన సంఖ్యలు రెట్టింపవుతూ పోతాయి: 1 ఫైర్‌వాల్, 2 ఆటోమేటిక్ అప్‌డేట్లు, 4 యాంటీవైరస్, 8 యాంటీస్పైవేర్, 16 ఇంటర్నెట్ సెట్టింగులు, 32 యూజర్ అకౌంట్ కంట్రోల్. ఈ ఆరింటిలో ఒదగని సెక్యూరిటీ సాధనానికి అక్కడ చోటే లేదు. అనుమతించిన ప్రోగ్రాములను మాత్రమే నడవనిచ్చే సాధనం, పెన్‌డ్రైవ్‌లను అదుపుచేసే సాధనం, మెషీన్‌లో జరిగే ప్రతి కదలికనూ రాసిపెట్టే సాధనం, ఇవేవీ దానికి లెక్కలోకి రావు. ఒదిగే కోవలోదే అయినా, పేరు నమోదు చేయించుకోవడం చిన్న విషయం కాదు. నమోదుకు వాడే పిలుపులు బహిరంగమైనవి కావు. మైక్రోసాఫ్ట్‌తో గోప్యతా ఒప్పందం చేసుకున్న యాంటీవైరస్ సంస్థలకే వాటి వివరాలు ఇస్తారు. నిన్నగాక మొన్న పుట్టిన చిన్న సాధనం ఆ గుమ్మం దాటేసరికి చాలా కాలం పడుతుంది.

నమోదు అయ్యే వీలున్నవి కూడా ఒక్కోసారి కనబడవు. మాల్‌వేర్‌బైట్స్ ఉచిత రూపం పిలిస్తే వచ్చి వెతికిపోయేదే తప్ప నిరంతరం కాపలా కాసేది కాదు, కాబట్టి చిట్టాలో ఎక్కదు. డబ్బు కట్టిన రూపం ఎక్కాలా వద్దా అన్నది సెట్టింగును బట్టి ఉంటుంది. విండోస్ సర్వర్‌లో అయితే ఈ చిట్టా అనేదే లేదు. కాలేజీ ల్యాబ్‌లోనో చిన్న ఆఫీసులోనో సర్వర్ మీద తీసిన రిపోర్టులో ఆ భాగం ఖాళీగా వచ్చిందంటే అది సర్వర్ తీరు. మెషీన్‌కు రక్షణ ఉందో లేదో ఆ ఖాళీ చెప్పదు.

385201

మరి చిట్టాలో లేనిదాన్ని ఎలా పట్టుకోవాలి? ఈ విషయంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఉదాహరణ సిస్‌మాన్. మైక్రోసాఫ్ట్‌లోని సిస్ఇంటర్నల్స్ బృందం 2014 ఆగస్టులో విడుదల చేసిన ఉచిత సాధనం ఇది. ఏ ప్రోగ్రాం ఎప్పుడు మొదలైంది, ఎవరు మొదలుపెట్టారు, ఏ చిరునామాకు కనెక్షన్ పెట్టుకుంది అన్నవన్నీ రాసిపెడుతుంది. ఇది యాంటీవైరస్ కాదు కాబట్టి సెక్యూరిటీ సెంటర్ దీన్ని పట్టించుకోదు. పైగా దీన్ని వేసేటప్పుడు సర్వీసుకూ డ్రైవర్‌కూ మనకు నచ్చిన పేరు పెట్టుకోవచ్చు. దాడి చేసేవాడు పేరు చూసి గుర్తుపట్టకూడదనే ఆ ఏర్పాటు. అదే ఏర్పాటు తనిఖీ సాఫ్ట్‌వేర్‌ను కూడా తికమక పెడుతుంది.

కానీ పేరు మారినా మారనిది ఒకటుంది. ఫైళ్ల మీద నిఘా పెట్టే ప్రతి డ్రైవర్‌కూ విండోస్‌లో ఒక ఎత్తు ఉంటుంది. ఏదైనా ఫైలు తెరవమని అడిగినప్పుడు ఆ అభ్యర్థన పై అంతస్తు నుంచి కిందికి దిగుతుంది. ఎక్కువ ఎత్తున్న డ్రైవర్ ముందు చూస్తుంది, తక్కువ ఎత్తున్నది తర్వాత. ఎత్తులను మైక్రోసాఫ్ట్ కేటాయిస్తుంది, ఆ పట్టికను బహిరంగంగానే ఉంచుతుంది. యాంటీవైరస్‌లకు 320000 నుంచి 329998 వరకు. కదలికలను గమనించే సాధనాలకు 360000 నుంచి 389999 వరకు. ఫైళ్లను రహస్య లిపిలోకి మార్చేవాటికి 140000 నుంచి 149999 వరకు. డిఫెండర్ డ్రైవర్ ఉండేది 328010లో. సిస్‌మాన్ ఉండేది 385201లో. డ్రైవర్‌కు ఏ పేరు పెట్టినా, అడ్మినిస్ట్రేటర్ హోదాలో ఎఫ్ఎల్‌టీఎంసీ అనే విండోస్ ఆదేశం కొడితే వచ్చే పట్టికలో 385201 కనిపించిందంటే అక్కడ సిస్‌మాన్ ఉన్నట్టే అనుకోవచ్చు. అడ్మినిస్ట్రేటర్ హక్కులున్నవాళ్లు విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఆ అంకెను కూడా మార్చగలరు. అయినా, పేరును చూసి వెతకడం కన్నా ఎత్తును చూసి వెతకడం ఎన్నో రెట్లు నమ్మదగింది.

ఇదే పట్టిక ఇంకో మేలు చేస్తుంది. 320000కీ 329998కీ మధ్య పేరు తెలియని డ్రైవర్ ఒకటి ఉందనుకోండి. తనిఖీ సాఫ్ట్‌వేర్ "యాంటీవైరస్ లేదు" అని తేల్చేయకుండా "యాంటీవైరస్ కోవకు చెందిన, నాకు తెలియని డ్రైవర్ ఉంది" అని చెప్పగలదు. ఆ ఒక్క వాక్యం ఎన్నో పొరపాటు నిర్ణయాలను ఆపుతుంది. తనిఖీ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లంతా ఈ మూడో జవాబును చేర్చాలని నా గట్టి అభిప్రాయం. ఉంది, లేదు అన్న రెండు మాటలే సరిపోవు.

ఒకే 4కు రెండు అర్థాలు

సర్వీసుల జాబితా చదివేటప్పుడు కొత్తవాళ్లు తడబడే చోటొకటి చెప్పాలి. రిజిస్ట్రీలో ప్రతి సర్వీసుకూ ఎప్పుడు మొదలవ్వాలో చెప్పే అంకె ఉంటుంది: 0, 1 అంటే కంప్యూటర్ లేచే తొలి క్షణాల్లోనే, 2 అంటే దానంతటదే, 3 అంటే పిలిచినప్పుడు, 4 అంటే నిలిపివేశారు. ఇక ఈ క్షణాన సర్వీసు ఎలా ఉందో చెప్పే అంకె వేరు. అందులో 1 అంటే ఆగి ఉంది, 4 అంటే నడుస్తోంది. ఒకచోట 4 అంటే మూత, ఇంకోచోట 4 అంటే పరుగు. కొత్త సెక్యూరిటీ సాధనం గురించి తయారీదారుకు రాసేటప్పుడు "దాని విలువ 4" అని మాత్రం రాస్తే అవతలివాళ్లకు ఏమీ అర్థం కాదు.

64 బిట్ల విండోస్ వచ్చాక ఇంకో చిక్కు పుట్టింది. సిస్టమ్32 అనే ఫోల్డర్‌లో ఉండేవి 64 బిట్ల ఫైళ్లు. సిస్‌వావ్64 అనే ఫోల్డర్‌లో ఉండేవి 32 బిట్లవి. పేర్లు చూస్తే తలకిందులుగా అనిపిస్తాయి గానీ సంగతి అదే. 32 బిట్ల ప్రోగ్రాం వెళ్లి సిస్టమ్32 తలుపు తడితే విండోస్ దాన్ని నిశ్శబ్దంగా రెండో ఫోల్డర్‌కు మళ్లిస్తుంది. హైజాక్‌దిస్ 32 బిట్లది. అందుకే 64 బిట్ల మెషీన్ల మీద దాని రిపోర్టులో ఉన్న సర్వీసుల పక్కనే "ఫైలు లేదు" అని వరుసలు వరుసలుగా వచ్చేవి. ఫైళ్లన్నీ ఉన్నచోటే ఉండేవి, చూసే కన్ను వేరే గదిలోకి చూసేది. రిజిస్ట్రీలో కూడా ఇలాగే రెండు గదులున్నాయి. ఇన్‌స్టాల్ అయిన ప్రోగ్రాముల జాబితాను ఒక గదిలోనే చూసి వచ్చే తనిఖీ సాఫ్ట్‌వేర్ రెండో గదిలోని సెక్యూరిటీ సాధనాన్ని తప్పకుండా వదిలేస్తుంది.

మన దగ్గరి ఉదాహరణ

కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఆధ్వర్యంలో 2017 ఫిబ్రవరి 21న సైబర్ స్వచ్ఛతా కేంద్రం మొదలైంది. దాంతోపాటు ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్ తయారుచేసిన కొన్ని ఉచిత సాధనాలు జనంలోకి వచ్చాయి. ఫోన్ల కోసం హైదరాబాద్ సీ-డాక్ రూపొందించిన ఎం-కవచ్ ఒకటి. పెన్‌డ్రైవ్‌ల అదుపు కోసం యూఎస్‌బీ ప్రతిరోధ్, అనుమతించిన ప్రోగ్రాములను మాత్రమే నడవనిచ్చే ఆప్‌సంవిద్ కంప్యూటర్ల కోసం. ఈ చివరి రెండింటినీ ఇప్పటిదాకా చెప్పుకున్న లెక్కలో పెట్టి చూడండి. సెక్యూరిటీ సెంటర్‌లోని ఆరు గడుల్లో రెండింటికీ చోటు లేదు. తనిఖీ సాఫ్ట్‌వేర్ రాసేవాడు వేరే దేశంలో ఉంటే, ఎవరో ఒకరు చెబితే తప్ప ఈ పేర్లు అతని చెవిన పడే అవకాశం తక్కువ.

ఆప్‌సంవిద్ లాంటి సాధనం ఉన్నచోట సమస్య ఇంకాస్త లోతుగా ఉంటుంది. అనుమతి జాబితాలో లేని ప్రోగ్రాంను ఆపడమే దాని పని. తనిఖీ సాఫ్ట్‌వేర్ కూడా ఆ జాబితాలో లేని ప్రోగ్రామే. నడవబోతే ఆగుతుంది. వైరస్ ఉన్న మెషీన్‌లో కూడా సరిగ్గా ఇదే లక్షణం కనిపిస్తుంది, ఎందుకంటే 2008లో బయటపడ్డ కాన్‌ఫికర్ లాంటివి సెక్యూరిటీ సాధనాలను నడవనివ్వకుండా ఆపేసేవి. లక్షణం ఒకటే, కారణం పూర్తిగా వ్యతిరేకం. బాగా కాపలా ఉన్న కంప్యూటర్‌ను సోకిన కంప్యూటర్‌గా పొరబడి ఫార్మాట్ కొడితే పోయేది ఆ ఇంటివాళ్ల ఫొటోలు, ఆ ఆఫీసు లెక్కలు.

పేరు చాలదు

ఇక్కడ రెండో వైపు కూడా చూడాలి. కొత్త సాధనం పేరు జాబితాలో చేర్చడం తేలిక. అంతే తేలిగ్గా మోసపోవచ్చు కూడా. 2025 మేలో డెఫెండ్‌నాట్ అనే ప్రయోగాత్మక ప్రోగ్రాం ఒకటి బయటికొచ్చింది. అసలు యాంటీవైరసే లేకుండా, సెక్యూరిటీ సెంటర్‌లో ఒక ఉత్తుత్తి పేరును యాంటీవైరస్‌గా నమోదు చేసి చూపించింది. బయటి యాంటీవైరస్ వచ్చిందని నమ్మి డిఫెండర్ తనంతట తాను పక్కకు తప్పుకుంది. విండోస్ నమ్మే టాస్క్ మేనేజర్ ప్రోగ్రాంలోకి దూరి ఆ ఉత్తుత్తి నమోదు చేయించింది. మెషీన్‌లో కాపలా శూన్యం, చిట్టాలో మాత్రం కాపలాదారు పేరు భద్రం. ఇంకొన్ని మెషీన్లలో ఎప్పుడో తీసేసిన యాంటీవైరస్ పేరు చిట్టాలో చెరగకుండా మిగిలిపోతుంది.

కాబట్టి ఒక సాధనం ఉందని చెప్పాలంటే సాక్ష్యాలు ఒకదానితో ఒకటి కలవాలి. చిట్టాలో పేరుందా? ఆ పేరుకు తగ్గ సర్వీసు ఈ క్షణాన నడుస్తోందా? డ్రైవర్ తన ఎత్తులో ఉందా? ఫైలు మీద కంపెనీ డిజిటల్ సంతకం సరైనదేనా? నాలుగూ కలిస్తే ఉన్నట్టు. మొదటిది మాత్రమే ఉంటే అనుమానించాలి. మొదటిది లేకుండా మిగతా మూడూ ఉంటే చిట్టాకెక్కని మంచి సాధనం అయి ఉండొచ్చు.

ఏ మెషీన్‌లో ఏ సాధనం ఉందో తెలిసి ఉండటం ఎంత అవసరమో 2024 జూలై 19న ప్రపంచం చూసింది. సెక్యూరిటీ సాధనాలు తయారుచేసే క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ మన కాలమానం ప్రకారం ఉదయం 9:39కి పంపిన ఒక అప్‌డేట్‌ను 10:57కి వెనక్కి తీసుకుంది. ఆ 78 నిమిషాల్లో దాన్ని అందుకున్న కంప్యూటర్లలో 85 లక్షలు నీలి తెరతో కూలిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. మొత్తం విండోస్ కంప్యూటర్లలో అది ఒక శాతం కూడా కాదు. లోపం చిన్న లెక్కలో ఉంది: అప్‌డేట్ 21 విలువలు అడిగింది, ప్రోగ్రాం 20 మాత్రమే ఇచ్చింది. హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాసుల ఫొటోలు ఆ రోజు మనమంతా చూశాం. బాగుచేయాలంటే మెషీన్‌ను సేఫ్ మోడ్‌లో లేపి, డ్రైవర్ల ఫోల్డర్‌లో 291 సంఖ్య ఉన్న ఫైలును తీసేయాలి. డిస్క్‌కు బిట్‌లాకర్ తాళం ఉంటే ముందు 48 అంకెల రికవరీ కీ కొట్టాలి. కూలిన మెషీన్ మీద తనిఖీ సాఫ్ట్‌వేర్ నడవదు కదా. ఏ మెషీన్‌లో ఏ సెక్యూరిటీ సాధనం ఉందో ముందే రిపోర్టు తీసి దాచుకున్నవాళ్లకు ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలుస్తుంది. లేనివాళ్లు ఒక్కో తెర ముందూ నిలబడి చూసుకోవాలి.

ఎలా రాయాలి

ఇప్పుడు ఉత్తరం సంగతి. "ఫలానా సాధనం చాలా బాగుంది, మీ సాఫ్ట్‌వేర్‌లో చేర్చండి" అని రాస్తే తయారీదారు చేయగలిగింది ఏమీ లేదు. అతనికి కావలసింది గుర్తులు. సాధనం పూర్తి పేరు, వెర్షన్ సంఖ్య, తయారుచేసిన సంస్థ, అది అసలు ఏ కోవది అన్నవి ముందు చెప్పండి. నిరంతరం కాపలా కాసేదా, పిలిస్తే వచ్చేదా అన్నది తప్పకుండా రాయండి, ఎందుకంటే రెండో రకాన్ని రిపోర్టులో యాంటీవైరస్‌గా చూపిస్తే అది తప్పుడు భరోసా అవుతుంది. తర్వాత సర్వీసు అసలు పేరు. సర్వీసుల కిటికీలో పైకి కనిపించే పేరు, రిజిస్ట్రీలో ఉండే పేరు ఒకటి కాకపోవచ్చు. రెండూ ఇవ్వండి. డ్రైవర్ ఉంటే దాని ఎత్తు. ఎఫ్ఎల్‌టీఎంసీ పట్టికలోని ఆ ఒక్క అంకె పేజీడు వర్ణన కన్నా మేలు. ఫైలు మీది డిజిటల్ సంతకంలో ఉన్న సంస్థ పేరును అక్షరం పొల్లుపోకుండా రాయండి.

ఫైలు వేలిముద్ర, అంటే 64 అక్షరాల షా-256 విలువ, పంపితే మంచిదే గానీ అదొక్కటే పంపకండి. కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ అది మొత్తం మారిపోతుంది. సంతకంలోని సంస్థ పేరు మాత్రం సాధారణంగా నిలిచే ఉంటుంది.

మీ రిపోర్టులో మీ యూజర్ పేరు, కంప్యూటర్ పేరు, ఫోల్డర్ల పేర్లు ఉంటాయి. పంపేముందు ఒకసారి చదివి, పరాయివాళ్లకు అక్కర్లేనివి చెరిపేయండి.

ఇక చివరిది, అందరూ మరిచిపోయేది. ఒక్క రిపోర్టు చాలదు, మూడు కావాలి. సాధనం వేయకముందు తీసింది ఒకటి, వేసి ఒకసారి రీస్టార్ట్ చేశాక తీసింది రెండోది. మొదటి రెండింటినీ పక్కపక్కన పెడితే ఆ సాధనం ఏయే గుర్తులు వదిలిందో తయారీదారుకు తేటతెల్లమవుతుంది. ఇక మూడోది, సాధనాన్ని తీసేసి మళ్లీ రీస్టార్ట్ చేశాక తీసింది. అందులో ఇంకా మిగిలిన వరుసలు ఏవో అతను చూసి, వాటిని గుర్తుల జాబితాలోంచి కొట్టేస్తాడు. లేదంటే మీరు పేరు చేర్పించిన ఆ సాధనం, తీసేసిన ఏడాది తర్వాత కూడా ఎవరో ఒకరి మెషీన్ మీద "ఉంది, నడుస్తోంది" అని కనబడుతూనే ఉంటుంది.